నెహ్రూను మించిన ఓట్లు సరే, 1952లో ఇంకా ఏం జరిగింది?

నల్లగొండలో నలుగురు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటే ఒక మాట తప్పకుండా వస్తుంది. దేశంలో జరిగిన మొదటి ఎన్నికల్లో మన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయని. మాట నిజమే. నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఆయనకు 3,09,162 ఓట్లు వచ్చాయి. అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ ప్రాంతాలు కలిసిన స్థానంలో జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571.

ఇంత గొప్ప విషయాన్ని చెప్పుకోవడంలో తప్పులేదు. చెప్పుకోవాలి కూడా. నా బాధల్లా 1952 అనగానే ఆ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతున్నామని. తెలంగాణ సాయుధ పోరాటం, అంటే దొరల మీద, నిజాం మీద కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతులు చేసిన పోరు చరిత్ర చెప్పేవాళ్లు ఈ గెలుపు దగ్గర కథ ముగిస్తారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమ చరిత్ర చెప్పేవాళ్లు అదే ఏడాది సెప్టెంబరులో ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే ఇవ్వాలని రోడ్డెక్కిన విద్యార్థుల మీద జరిగిన కాల్పుల దగ్గర మొదలుపెడతారు. ఇద్దరూ మాట్లాడేది ఒకే ఏడాది గురించి, ఒకే ప్రభుత్వం గురించి, చాలావరకు ఒకే జనం గురించి. కానీ ఆ రెండు కథలూ ఒకదానితో ఒకటి పలకరించుకోవు. భూమి ఎవరిది అన్న ప్రశ్నతో మొదలైన ఏడాది ఉద్యోగం ఎవరిది, రాష్ట్రం ఎవరిది అన్న ప్రశ్నలతో ఎలా ముగిసిందో చూడాలంటే ఆ పన్నెండు నెలలను వరుసగా చదవాల్సిందే.

ముందు ఆ 3 లక్షల లెక్క తేలుద్దాం

ఈ అంకె చెప్పగానే కొంచెం చదువుకున్నవాళ్లు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. "నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం కదా, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి, అందుకే అన్ని పడ్డాయి" అంటారు. ఇందులో సగమే నిజం.

మొదటి లోక్‌సభలో ఎన్నికయ్యే సభ్యులు 489 మంది. కానీ నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 86 చోట్ల ఇద్దరేసి సభ్యులు, బెంగాల్‌లో ఒకచోట ముగ్గురు. ఇద్దరుండే చోట ఒకటి జనరల్, రెండోది ఎస్సీ లేదా ఎస్టీ రిజర్వుడు. నల్లగొండ అలాంటిదే. జనరల్ సీటు నుంచి రావి నారాయణరెడ్డి, ఎస్సీ సీటు నుంచి సుంకం అచ్చాలు గెలిచారు. ఇద్దరూ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ అభ్యర్థులు. నారాయణరెడ్డి పేరు చెప్పుకున్నంతగా అచ్చాలు పేరు చెప్పుకోకపోవడం అన్యాయం. అదే ఊళ్లు, అదే పార్టీ, అదే గెలుపు.

ఓటరుకు రెండు బ్యాలెట్ పేపర్లు ఇచ్చేవారు. కానీ రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి చట్టం ఒప్పుకోదు. వేస్తే రెండోది చెల్లదు. కాబట్టి ఒక మనిషి నుంచి ఒక అభ్యర్థికి పడేది ఒక్క ఓటే. మరి అంకె ఎందుకంత పెద్దది? నియోజకవర్గమే పెద్దది కనుక. అప్పటి రాజ్యాంగ నియమం ప్రకారం 5 లక్షల నుంచి 7.5 లక్షల జనాభాకు ఒక ఎంపీ. ఇద్దరు ఎంపీలున్న చోట జనాభా దానికి రెట్టింపు ఉంటుంది. ఒక్కో అభ్యర్థికి అందుబాటులో ఉండే ఓటర్లూ రెట్టింపే.

ఇక్కడే ఆ అడ్డు ప్రశ్న వీగిపోతుంది. నెహ్రూ నిలబడిన స్థానం కూడా ద్విసభ్యమే. అక్కడి రిజర్వుడు సీటు నుంచి మసూరియా దీన్ గెలిచారు. అంటే ఇద్దరు నాయకులూ ఒకే రకం స్థానాల్లో, ఒకే నియమాల కింద పోటీ చేశారు. పోల్చుకోవడం న్యాయమే. నల్లగొండ అంకె గాలిలో పుట్టింది కాదు.

ఇంకో ప్రచారం ఉంది. అంత మెజారిటీ వచ్చినందుకు పార్లమెంటు భవనాన్ని నారాయణరెడ్డి చేతుల మీదుగానే ప్రారంభించారని అంటారు. ఆ భవనం 1927 జనవరిలోనే ప్రారంభమైంది, అప్పటి వైస్రాయ్ ఇర్విన్ చేతుల మీదుగా. ఇలాంటివి జోడించకపోయినా ఆయన గౌరవం ఏమీ తగ్గదు. ద్విసభ్య పద్ధతిని 1961లో చట్టం చేసి రద్దు చేశాక, 1962లో ఒకే సభ్యుడున్న నల్లగొండ నుంచి ఆయన మళ్లీ గెలిచారు. అది చెప్పుకోవచ్చు.

ఈ పద్ధతి ఎందుకు రద్దయిందో ఒక్క మాట. రిజర్వుడు సీటుకు నిలబడిన అభ్యర్థికి ఓట్లు బాగా వస్తే ఆయన జనరల్ సీటు కూడా దక్కించుకోవచ్చు. 1957లో పార్వతీపురంలో అదే జరిగింది. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్లాయి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఓడిపోయారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా తీర్పు మారలేదు. తర్వాత రెండేళ్లకే ద్విసభ్య స్థానాలు పోయాయి. పెద్దవాళ్లకు నొప్పి తగిలాకే పద్ధతి మారిందని నాకు అనిపిస్తుంది.

పెట్టె, గుర్తు, వేలు

1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం. 17 కోట్లకు పైగా ఓటర్లు. అందుకని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పెట్టిన ఏర్పాటు సులువైనది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాగితం మీద ముద్ర వేసే పని లేదు. తెర వెనక్కి వెళ్లి నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావడమే. వేలికి సిరా పెట్టడం అప్పుడే మొదలైంది.

సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాల నుంచి తీసేయాల్సి వచ్చింది. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పలేదని. ఇది ఎక్కువగా ఉత్తరాదిలో జరిగింది. మన దగ్గర అదే ఎన్నికల్లో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి గెలిచారు. తుపాకీ పట్టి దళంలో తిరిగి, జైలుకు వెళ్లొచ్చిన మనిషి. ఆమె తర్వాత 1957, 1962 ఎన్నికల్లోనూ గెలిచారు.

తుపాకీ దించిన నాలుగు రోజులకు

దేశంలో మొదటి ఓటు పడింది 1951 అక్టోబరు 25న, హిమాచల్ కొండల్లో. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్టు కమ్యూనిస్టు పార్టీ ప్రకటించింది అక్టోబరు 21న. మధ్యలో ఉన్నది నాలుగు రోజులు. నాకు ఈ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. ఐదేళ్లుగా అడవుల్లో, గుట్టల్లో, జైళ్లలో ఉన్నవాళ్లు కొద్ది వారాల్లోనే ఊళ్లోకి వచ్చి "మాకు ఓటెయ్యండి" అని అడగాలి. ఆ ఊళ్లో పోలీసు క్యాంపు ఇంకా అలాగే ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం కూడా అలాగే ఉంది. అందుకే కమ్యూనిస్టు పేరు మీద కాకుండా పీడీఎఫ్ పేరు మీద పోటీ చేశారు.

ఆ ఐదేళ్లలో నల్లగొండ చూసినంత మరే జిల్లా చూడలేదు. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలైన కడవెండి ఉన్న జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోనిదే. దొరల గడీలు, వెట్టి చాకిరీ, పటేల్ పట్వారీల పెత్తనం, వాటి మీద నాలుగణాల సభ్యత్వంతో మొదలైన సంఘం. ఆ సంఘం పైకి ఆంధ్ర మహాసభ. 1941లో చిలుకూరులో జరిగిన మహాసభకు నారాయణరెడ్డే అధ్యక్షుడు. 1944లో భువనగిరి సభ నాటికి మితవాదులు విడిపోయారు, మహాసభ ఎర్రబడింది. పార్టీ చెప్పిన లెక్క ప్రకారం పోరాట కాలంలో సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. రజాకార్ల పీడ పోయింది. కానీ సైన్యం అక్కడితో ఆగలేదు, కమ్యూనిస్టుల మీదికి మళ్లింది. పారిపోయిన దొరలు చాలామంది సైన్యం వెనకాలే ఊళ్లకు తిరిగొచ్చారు, కొందరు గాంధీ టోపీలు పెట్టుకుని. దున్నుకుంటున్న భూమి చేజారింది. 1952 ఓటును అర్థం చేసుకోవాలంటే ఈ మూడేళ్లనే గట్టిగా పట్టుకోవాలి. నిజాం మీద కోపం 1948కే తీరిపోయింది. నల్లగొండ పెట్టెల్లో పడింది ఆ తర్వాత తిరిగొచ్చిన గడీల మీది కోపం.

మధ్యలో ఇంకో ప్రయత్నం జరిగింది. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన వినోబా భావే అక్కడి నుంచి నల్లగొండ జిల్లా వైపు నడిచారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడే పుట్టింది. రక్తం చిందకుండా భూమి చేతులు మారొచ్చని దేశమంతా సంబరపడింది. కానీ ఆ తర్వాత పది నెలల్లోపే జరిగిన ఓటింగులో జిల్లా ఎవరి వైపు నిలబడిందో చూశాం. దానం మీద జనానికి గౌరవం లేక కాదు. ఒకరు దయతలచి ఇచ్చే భూమికీ, నా హక్కని తీసుకునే భూమికీ తేడా వాళ్లకు తెలుసు.

పక్క జిల్లా వేరే జవాబు చెప్పింది

పాలమూరు లోక్‌సభ స్థానం మాత్రం కాంగ్రెస్‌కు వెళ్లింది. వనపర్తి నుంచి సురవరం ప్రతాపరెడ్డి, షాద్‌నగర్ నుంచి బూర్గుల రామకృష్ణారావు కాంగ్రెస్ తరఫున అసెంబ్లీకి గెలిచారు. కృష్ణకు ఇటువైపే ఉన్న రెండు పక్క జిల్లాలు, రెండింటిలోనూ కరువు, రెండింటిలోనూ పెత్తందారీతనం. అయినా ఫలితం ఇంత తేడాగా ఎందుకొచ్చింది?

ఒక కారణం భూమి అమరికలో ఉంది. పాలమూరులో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు, గోపాలపేట లాంటి సంస్థానాలు చాలా ఉన్నాయి. అక్కడ రైతుకూ నిజాంకూ మధ్య ఒక రాజా ఉన్నాడు. ఆ రాజ్యాల్లో సంఘం అంత లోతుగా వేళ్లూనలేదు. దళాలు నల్లమలలోకి వచ్చింది పోరాటం చివరి దశలో, వెనక్కి తగ్గుతూ. పాలమూరు నోరు మూసుకుని ఉందని కాదు. 1947 అక్టోబరులో ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పులకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. కానీ అక్కడి కదలిక ఎక్కువగా కాంగ్రెస్ జెండా కింద నడిచింది.

రెండో కారణం మనుషులు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. మరుసటి ఏడాది దేవరకొండ సభకు అధ్యక్షుడు బూర్గుల. ఇద్దరూ పాలమూరు బిడ్డలే, ఇద్దరూ వకీళ్లే. గ్రంథాలయం, పత్రిక, కోర్టు వీళ్ల దారి. చిలుకూరు, భువనగిరి సభలు వేసిన దారి వేరు. ఒకే మహాసభలో పుట్టిన ఈ రెండు పాయలు 1952లో అసెంబ్లీలో ఎదురెదురుగా కూర్చున్నాయి. ఇది ఎన్నికల అంకెల కంటే నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది.

మార్చి 6

హైదరాబాద్ అసెంబ్లీలో 175 సీట్లు. కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42, సోషలిస్టులకు 11, మిగిలినవి ఇతరులకు. 1952 మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నది ఎవరూ ఎన్నుకోని ఐసీఎస్ అధికారి వెల్లోడి. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇంకా రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో ఉన్నారు. అంగట్లో నిజాం నాణెం హాలీ సిక్కా ఇంకా నడుస్తోంది, 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు, అంటే భారత రూపాయలు. పాత రాజ్యం పోలేదు, కొత్తది పూర్తిగా రాలేదు.

ఆ రాష్ట్రం మూడు భాషలది. 8 తెలుగు జిల్లాలు, 5 మరాఠీ జిల్లాలు, 3 కన్నడ జిల్లాలు. సభలో పీడీఎఫ్ నాయకుడు వి.డి. దేశ్‌పాండే మరాఠ్వాడా మనిషి. భూమి కోసం పోరాడినవాళ్లకు నాయకుడి భాష అడ్డు కాలేదు. ఏడాది చివరికి వచ్చేసరికి భాషే అన్నిటికంటే పెద్ద ప్రశ్న అయింది కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

భూమి విషయంలో బూర్గుల ప్రభుత్వానికి ఒక చట్టం అప్పటికే చేతిలో ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలుదారును రక్షిత కౌలుదారుగా గుర్తించి, ఊరికే వెళ్లగొట్టకుండా ఆపిన చట్టం అది. 1954లో దానికి చేసిన సవరణతో వచ్చిందే 38-ఇ. తెలంగాణలో రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కిన రైతెవరికీ ఈ అంకె చెప్పాల్సిన పనిలేదు. ఆ సెక్షన్ కింద కౌలుదారే యజమాని అవుతాడు. తుపాకీతో, ఓటుతో, ప్రతిపక్షంలో కూర్చున్న 42 మందితో వచ్చిన ఒత్తిడి లేకపోతే ఆ సవరణ వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. అమలు సంగతి వేరు. చాలా ఊళ్లలో కాగితం మీద పేరు ఎక్కకముందే కౌలుదార్లను ఖాళీ చేయించారు.

సెప్టెంబరు: ప్రశ్న మారింది

పోలీసు చర్య తర్వాత ప్రభుత్వ ఆఫీసుల భాష మారింది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదివి పట్టా తీసుకున్న కుర్రాడు ఒక్కసారిగా పనికిరానివాడయ్యాడు. పరిపాలన నడపడానికని మద్రాసు రాష్ట్రం నుంచి, ముఖ్యంగా ఆంధ్ర ప్రాంతం నుంచి అధికారులను, గుమాస్తాలను, టీచర్లను తెచ్చారు. స్థానికులకే ఉద్యోగాలు అనే ముల్కీ నిబంధనలు నిజాం 1919లోనే పెట్టారు. 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాడే ముల్కీ. కానీ బోగస్ ముల్కీ సర్టిఫికెట్లు సులువుగా దొరికేవి.

వేసవి తర్వాత వరంగల్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు. "నాన్ ముల్కీ గో బ్యాక్" నినాదం అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో హైదరాబాద్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. సిటీ కాలేజీ దగ్గర కుర్రాళ్లు ప్రాణాలు కోల్పోయారు. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి కమిషన్ వేశారు.

ఆరు నెలల కిందట జనం మొదటిసారి ఎన్నుకున్న ప్రభుత్వమే ఈ కాల్పులు జరిపింది. ఆ ప్రభుత్వానికి నాయకుడు ఉర్దూ, ఫారసీ క్షుణ్ణంగా తెలిసిన, ఇక్కడి మట్టిలో పుట్టిన ముల్కీ. కాబట్టి "బయటివాళ్ల పాలన" అన్న ఒక్క మాటతో ఇది తేలదు. కింద ఆఫీసుల్లో కుర్చీలు ఎవరితో నిండాయన్నది 1948 నుంచి 1952 మధ్యలోనే, ఎవరినీ అడగకుండా జరిగిపోయింది. ఎన్నికైన ప్రభుత్వం వచ్చి పైకుర్చీలో కూర్చుంది, ఆ మూడున్నరేళ్ల భారమంతా దాని మీద పడింది.

నల్లగొండ వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు ఉంది. భూమి కోసం ఎర్రజెండాకు ఓటేసిన కుటుంబంలో పెద్దకొడుకు స్కూలు చదువు ముగించి ఉద్యోగానికి బయల్దేరే కాలం అది. తండ్రి ప్రశ్నకు పీడీఎఫ్ దగ్గర జవాబు ఉంది. కొడుకు ప్రశ్నకు ఆ జవాబు సరిపోలేదు. ఎందుకంటే కమ్యూనిస్టు పార్టీ అప్పటికే విశాలాంధ్ర కోరుతోంది. తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రంలో ఉంటే దొరతనం తొందరగా పోతుందని ఆ పార్టీ నమ్మింది. ఆ నమ్మకంలో నిజాయితీ ఉంది. ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాడికి మాత్రం అందులో తన చోటు కనిపించలేదు. 1952 ఫిబ్రవరిలో అంత బలంగా ఉన్న పార్టీ తర్వాతి దశాబ్దాల్లో తెలంగాణ యువతకు ఎందుకు దూరమైందన్న ప్రశ్నకు నాకు తోచే సమాధానాల్లో ఇది ముఖ్యమైనది.

డిసెంబరు: మద్రాసు నుంచి వచ్చిన గాలి

అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఆ దీక్ష మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల కోసం. హైదరాబాద్ రాష్ట్రానికి దానితో నేరుగా సంబంధం లేదు. కానీ భాష ఆధారంగా ఒక రాష్ట్రం ఇచ్చాక మూడు భాషల హైదరాబాద్ ఎంతకాలం నిలుస్తుంది? మరాఠీ జిల్లాలు బొంబాయి వైపు, కన్నడ జిల్లాలు మైసూరు వైపు చూశాయి. ముల్కీ గాయం ఇంకా పచ్చిగా ఉన్న తెలుగు జిల్లాలకు మిగిలింది రెండే దారులు: విడిగా ఉండడం, లేదా ఆంధ్రతో కలవడం.

రాష్ట్రాల పునర్విభజన కోసం 1953 చివర్లో వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో నివేదిక ఇచ్చింది. తెలంగాణ జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రం పేరుతో విడిగానే ఉండాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది కోరుకుంటేనే ఆంధ్రతో కలపాలని అందులో రాశారు. ఆ మాట అమలు కాలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరుసటి ఏడాది మన జిల్లాలు మళ్లీ ఓటు వేసినప్పుడు అది ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి. హైదరాబాద్ రాష్ట్రంగా ఇక్కడి జనం తమ అసెంబ్లీని ఎన్నుకున్నది చరిత్రలో ఒక్కసారే, 1952లో.